టెలిఫోన్ బిల్లు మీద కొసరు

నన్నడిగితే, ఈ రోజుల్లో మనిషికి దక్కే గౌరవాల్లో టెలిఫోన్ బిల్లును మించినది లేదు. నవ్వకండి! సన్మానాల్లో శాలువా ఒక్కసారి కప్పి ఊరుకుంటారు. పెళ్ళి పత్రికల మీద మన పేరు తప్పు రాస్తారు. బిల్లు అలా కాదు. ముందు శ్రీ తగిలించుకుని, ఇంటిపేరుతో సహా, నెలనెలా గుమ్మంలోకి వస్తుంది. మన చుట్టాల్లో ఇంత క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అలాంటి బిల్లును పట్టుకుని జనం తిట్టిపోస్తున్నారు. అసలు చార్జీ కొంచెమే, పైన ఈ పన్నులేమిటి, ఈ రుసుములేమిటి అని ఒకటే గోల! అర్థం చేసుకోనివాళ్ళకి ఏదైనా అన్యాయంగానే కనిపిస్తుంది. నేను అర్థం చేసుకున్నాను. మీకూ అర్థమయ్యేలా చెబుతాను.

ముందు నేనెవరో చెప్పాలి కదా. పేరు జోగేశ్వరరావు. తణుకులో బెల్లం, కిరాణా వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య నడవాలో మా నాన్న పెట్టించిన లాండ్‌లైన్ ఫోను. సెల్‌ఫోన్ల కాలంలో అదెందుకని అడక్కండి. అది మా అక్క శ్యామలాంబ కోసం. అక్కది జంగారెడ్డిగూడెం. లోకంలో ఆవిడకి కంఠతా వచ్చిన ఫోను నంబరు ఇదొక్కటే. సెల్‌ఫోనంటే దొంగల చేతి పనిముట్టని ఆవిడ గట్టి నమ్మకం. పైగా వచ్చే నెల అక్క కూతురు హర్షిత పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసిన మేనమామని నేనే. కనుక ఆ ఫోను ఉండాలి, దాని బిల్లు కట్టాలి.

ఇక మా కొట్లో ఒక ఆచారం ఉంది. తూకం అయ్యాక కొసరు పెట్టందే బేరం పూర్తి కాదు. కిలో బెల్లం కొన్నవాళ్ళు డబ్బిచ్చి చేయి చాపుతారు. మేం ఒక బెల్లం ముక్క పెడతాం. కారు దిగి వచ్చినవాళ్ళూ చాపుతారు! షుగర్ ఉందని డాక్టరు బెల్లం మాన్పించినవాళ్ళు కూడా చాపుతారు! ఫోన్ బిల్లు చూశాక నా మనసు పొంగిపోయింది. అంత పెద్ద కంపెనీ కూడా మన కొసరు ఆచారాన్ని పాటిస్తోంది. కాకపోతే అక్కడ చేయి చాపేది అమ్మేవాడు. అంతే తేడా!

బిల్లులో మొదటిది నెల అద్దె. మనం మాట్లాడినా, మౌనవ్రతం పట్టినా అది పడుతుంది. దాని మీద కేంద్రం పన్ను తొమ్మిది శాతం, రాష్ట్రం పన్ను తొమ్మిది శాతం. ఎంత సమానత్వం! మా గోదావరి పెళ్ళిళ్ళలో వియ్యంకులిద్దరికీ పూతరేకులు ఒకే లెక్కన వడ్డించకపోతే విస్తళ్ళ దగ్గరే గొడవ మొదలవుతుంది. ఢిల్లీకీ అమరావతికీ మధ్య అలాంటి గొడవ రాకుండా మా నడవాలోని ఫోను చూసుకుంటోంది. ఇది దేశసేవ కాదా?

తర్వాత కాగితం చార్జీ. బిల్లు కాగితం మీద పంపినందుకట. నేను కొట్లో చీటీ రాసిచ్చి, చీటీ రాసిన కూలి కూడా ఇమ్మంటే ఆ చీటీ నా మొహాన కొడతారు. కంపెనీ అడిగితే ఎవరూ కొట్టలేదు. అదీ హోదా అంటే!

ఆ తర్వాత ఆలస్య రుసుము. దాని మీద మళ్ళీ పన్ను. మనం ఆలస్యం చెయ్యడం కూడా వాళ్ళు మనకు చేసే సేవేనట! పోనీ ఆన్‌లైన్‌లో కడదామంటే కన్వీనియన్స్ ఫీజు. ఎవరి కన్వీనియన్సో మాత్రం రాయలేదు. అన్నీ రాస్తే కాగితం పెద్దదై, కాగితం చార్జీ ఇంకా పెరుగుతుందని ఆగి ఉంటారు.

నాకు కొరుకుడుపడనిది ఒక్కటే లైను. "ఇతర చార్జీలు." అదేమిటో తెలుసుకుందామని టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్‌లో కూర్చున్న మీనాకుమారి గారు మహా మర్యాదస్తురాలు.

"ఇతర చార్జీలంటే ఏంటండీ?" అన్నాను.

"పైన రాసినవి కాకుండా మిగతావండి."

"మిగతావంటే ఏవండీ?"

"అవేనండి. ఇతరవి."

ఇన్నిసార్లు అండీ అని చెప్పాక కూడా అర్థం కాలేదంటే తప్పు నాదే. నోరు మూసుకుని డబ్బు కట్టేశాను. కట్టాక మా కొట్టు అలవాటు కొద్దీ చేయి చాపాను.

"మరి కొసరండీ?"

ఆవిడ బిల్లు వైపు ఓసారి చూసి, "రౌండాఫ్ అయిపోయిందండి. పైకే" అన్నారు.

ఇంత వివరంగా చెప్పాను గాని, ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను. ఆ ఫోను మోగదు.

డ్రైనేజీ కోసం మా వీధి తవ్విన రోజు నుంచీ అది కిక్కురుమనలేదు. కంప్లయింట్ ఇవ్వబోతే, బకాయి ఉంటే తీసుకోం అన్నారు. బకాయి కట్టాను. తీసుకున్నారు. "లైన్‌మన్ వస్తాడండి" అన్నారు. మళ్ళీ బిల్లు వచ్చింది. లైన్‌మన్ రాలేదు. పోనీ ఫోను తీసేయమందామా అంటే నంబరు పోతుంది. ఆ నంబరు పోతే అక్క దృష్టిలో తమ్ముడు పోయినట్టే.

చిక్కేమిటంటే, అక్క ఫోను చేస్తే ఆవిడకి అక్కడ చక్కగా రింగు వినిపిస్తుంది. ఇక్కడ మాకు చప్పుడే ఉండదు. ఇంకేముంది, తమ్ముడు కావాలనే ఎత్తడం లేదని అలిగింది. నేను సెల్ నుంచి వాళ్ళింటికి చేస్తే, నా గొంతు వినగానే పెట్టేసింది. ఆఖరికి బస్సెక్కి జంగారెడ్డిగూడెం వెళ్ళాను.

"ఫోను చచ్చిపోయిందే అక్కా!" అన్నాను గుమ్మంలోనే.

"బిల్లు వస్తోందా?"

"వస్తోంది."

"కడుతున్నావా?"

"కడుతున్నాను."

"బెల్లం ముక్క పెట్టడానికి పదిసార్లు ఆలోచించే వ్యాపారస్తుడివి. చచ్చిన ఫోనుకి నెలనెలా బిల్లు కట్టానంటే ఎవరు నమ్ముతార్రా?"

నిజమే. ఇంకెవరైనా చెబితే నేనూ నమ్మను!

అక్క అక్కడితో ఆగలేదు. నా కళ్ళెదుటే మా ఇంటి నంబరు తిప్పి రిసీవరు నా చెవికి ఆనించింది. తణుకులో మూగదైన మా ఫోను జంగారెడ్డిగూడెంలో హాయిగా మోగుతోంది.

"మోగుతోందా?"

"మోగుతోంది."

"నువ్విక్కడున్నావు. అయితే ఇప్పుడు ఎత్తనిది మీ ఆవిడన్నమాట!"

అలా నా భార్య సత్యకుమారి కూడా ముద్దాయి అయింది. అక్క తీర్పు చెప్పేసింది. "పెళ్ళి పిలుపు నేను ఆ ఫోనులోనే పిలుస్తాను. నా ఫోను ఎత్తినవాడే నా కూతురి బుట్ట ఎత్తుతాడు. లేదంటే మన బాబాయి కొడుకు శివరామకృష్ణ ఉన్నాడు, వాడు మోస్తాడు."

దాచడమెందుకు, తిరుగు బస్సులో ఏడ్చాను. హర్షిత పుట్టినప్పుడు అందరికన్నా ముందు నా చేతుల్లోనే పెట్టారు. కన్నీళ్ళ మీద ఇంకా పన్ను వెయ్యలేదు. ఆ మేరకు రెండు ప్రభుత్వాలకూ కృతజ్ఞుణ్ణి.

కాబట్టి టెలిఫోన్ కంపెనీ వారూ, అద్దె కట్టాను. కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది కట్టాను. కాగితానికీ, ఆలస్యానికీ, అవేమిటో మీకూ తెలియని ఇతరవాటికీ కట్టాను. తూకం అయిపోయింది. ఇప్పుడు మా ఆచారం ప్రకారం చేయి చాపుతున్నాను. కొసరుగా ఒక్కటంటే ఒక్క రింగు పెట్టండి. అది జంగారెడ్డిగూడెంలో కాదు, తణుకులో మా నడవాలో మోగాలి. కావాలంటే దాని మీద కూడా తొమ్మిదీ తొమ్మిదీ వేసుకోండి. పెళ్ళికి ముందు కట్టేస్తాను.