ఇంటికంతా ఒకే నంబరు

తాయారు పురపాలక కార్యాలయంలో పేరు రాయించుకోగానే, ఇంట్లో గడ్డం గీసుకుంటున్న ఆమె భర్త సన్యాసిరావు లేకుండా పోయాడు. నురగ అంటిన బ్రష్షు గిన్నెలో పడింది. మా ఊళ్లో ఇది మామూలే.

ఊరి జనం చీటీలన్నీ కార్యాలయంలో ఒకే బీరువాలో ఉంటాయి. ఫోను నంబరుకు ఒక అర, అరకు ఒక చీటీ. చీటీ ఉంటేనే మనిషి ఉన్నట్టు. పూర్వం జాబితా ఉండేది. ఒకరు కావాలంటే మొదటి పేరు నుంచి వెతుక్కుంటూ పోవాలి, దొరికేసరికి భోజనాల వేళయ్యేది. ఇప్పుడు నంబరు చెబితే చాలు, మనిషి దొరుకుతాడు. అదే నంబరుతో ఇంకొకరొస్తే పాత చీటీ పోతుంది. బీరువా ఎవరినీ అడగదు, అందుకే అంత వేగం అంటారు కమిషనరుగారు.

తాయారుకు సొంత నంబరు లేదు. గ్యాసుకీ, రేషనుకీ, ఆస్పత్రికీ భర్తదే ఇచ్చింది. పెళ్లైన మర్నాడు ఆ నంబరుతోనే ఆమె చీటీ వేసింది, మధ్యాహ్నం ఆయన తనది వేసుకున్నాడు. అప్పట్నుంచి పదహారేళ్లుగా ఆమె లేదు. వేళకు అన్నం ఉడుకుతూనే ఉంది కాబట్టి ఫిర్యాదులు రాలేదు. లేనివాళ్లు కార్యాలయానికి రావడానికి ఆటంకం లేదు, వరసలో ఎక్కువమంది వాళ్లే.

"ఈ అరలో మీ ఆయనున్నారమ్మా," అన్నాడు గుమాస్తా అప్పలరాజు.

"సాయంత్రందాకా సాలు బాబూ. మా హారిక పరుగు సూడాల. లేనోల్లని గ్రౌండులోకి రానివ్వరంట."

"ఆయన్ని అడిగారేటి?"

"నన్ను తీసినప్పుడు ఆయన అడగనేదు."

అప్పలరాజు చీటీ మార్చాడు. పది గంటలకల్లా సన్యాసిరావు కోసం ఏడు ఫిర్యాదులొచ్చాయి. అందులో రెండు పేకాట మిత్రులవి.

నాలుగింటికి హారిక పరుగెత్తింది. గీత దాటుతూ "అమ్మా" అని చెయ్యి ఊపింది. కూతురి కళ్లకు తాను కనబడడం తాయారుకు అదే మొదటిసారి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, చప్పట్లు మొదలుపెట్టింది.

ఏదో ఒకటి గెలిచేదాకా పిల్లలకు అర అక్కర్లేదు. హారిక మొదట వచ్చింది కాబట్టి వ్యాయామం మాస్టారు రిజిస్టరు తెరిచాడు. అందులో రాసింది నేరుగా బీరువాకే చేరుతుంది.

"నంబరు సెప్పమ్మా."

ఇంట్లో అందరూ చెప్పేదే హారిక గడగడా చెప్పింది. జనంలో ఒకరి చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

పతకంతో హారిక ఇంటికి వెళ్లేసరికి తండ్రి కోసం ఫిర్యాదులు పదకొండయ్యాయి. తల్లి కోసం ఒక్కటీ లేదు. పొయ్యి మీద అన్నం వేడిగా ఉంది. హారికకు ఆకలేసింది, వడ్డించుకుంది.