నీళ్ళ సీసాల పిల్లాడు

ఆ గురువారం పొద్దున్న హన్నమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కొడుకు సుకుమార్ ఇంటికి రాగానే టీవీ ముందు కూర్చోబెట్టాలి. ఫ్రాన్సు దేశంలో జరుగుతున్న సైకిలు పందెం చూపించాలి. వాడి మనసు మెత్తబడిన వేళ చూసి, మనవరాలు మెర్సీ కాగితం మీద సంతకం పెట్టించాలి. మనసు మెత్తబడడానికి పందెం ఒక్కటే చాలదేమోనని పప్పుచెక్కలు కూడా వేయించి డబ్బాకెత్తింది.

ఆ కాగితం సంగతి ముందు చెప్పాలి. శనివారం ఏలూరులో జిల్లా సైకిలు జట్టుకి పిల్లల్ని ఎంపిక చేస్తారు. మెర్సీ తొమ్మిదో తరగతి. గేర్లు లేని పాత సైకిలు మీద వెళ్తూనే, గేర్లున్న మగపిల్లల్ని వంతెన ఎక్కేచోట దాటేస్తుంది. తండ్రి సంతకం చేసిన కాగితం శుక్రవారం పొద్దున్నకల్లా ఆటల మాస్టారి చేతిలో పడకపోతే ఆ పిల్ల పేరు జాబితాలో ఉండదు. తల్లి తణుకులో నర్సు. "మీ నాన్న సరేనంటే నాకేం అడ్డం" అనేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం వారం రోజులుగా ఆ కాగితం కనపడితే చాలు, మొహం తిప్పుకుని చెప్పులేసుకుంటున్నాడు.

పాపం, వాడి భయం వాడిది. తాడేపల్లిగూడెంలో ముప్ఫయ్యేళ్ళు సైకిలు కొట్టు నడిపిన రాజరత్నం కొడుకై ఉండీ, పదేళ్ళప్పుడు ఆ కొట్టు ముందే సైకిలు మీంచి పడి ముందుపళ్ళు రెండూ పోగొట్టుకున్నాడు. ఆ రోజు వాడు తొడుక్కున్న నీలంగళ్ళ చొక్కా, మందు రాసిన కాంపౌండరు కనకరాజు, కనకరాజు తొందరలో మర్చిపోయి వెళ్ళిన గొడుగు, అన్నీ హన్నమ్మకి ఇవాళ్టికీ గుర్తే. ఆ తర్వాత సుకుమార్ మోటారు సైకిలెక్కాడు, బస్సెక్కాడు, పడవెక్కాడు గానీ సైకిలు మాత్రం ఎక్కలేదు.

రాజరత్నం పోయాక కొట్టు మూతపడింది, హన్నమ్మకి సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. అప్పుడే మెర్సీ ఈ పందెం చూపించింది. హన్నమ్మ చదువు రెండో తరగతితో ఆగింది కానీ, భర్త పక్కన కూర్చుని స్పోకులు బిగించిన చెయ్యి అది. చక్రం వంకర ఇవతలి గుమ్మంలోంచే పట్టేస్తుంది. మూడు వారాల పందెంలో ఎవడు ఏ కొండ మీద ఎన్నోవాడో నోటితో అప్పగిస్తుంది.

అయితే గెలిచేవాళ్ళ మీద ఆమెకి పెద్ద ధ్యాస లేదు. మనసంతా ఎమిలియో అనే కొలంబియా కుర్రాడి మీద ఉంది. వాడి పని గెలవడం కాదు. వెనకొచ్చే కారు దగ్గర నీళ్ళ సీసాలు తీసుకుని, చొక్కా నిండా కుక్కుకుని, ముందున్న జట్టువాళ్ళకి అందించడం. జట్టులో పెద్దోడికి ఎదురుగాలి తగలకుండా ముందుండి తొక్కడం. "వాడు మన పిల్లాడేనే," అనేది హన్నమ్మ మనవరాలితో. "అందరికీ వడ్డించి ఆఖర్న తినేవాళ్ళని నేను పోల్చుకోలేనా?"

ఆ పిల్లాడు బుధవారం వానకి తడిసిన మలుపులో పడ్డాడు. మెడ కింద ఎముక చిట్లింది. అయినా గురువారం బయల్దేరతానన్నాడు. కొండ ఎక్కి, పెట్టిన గడువులోగా గీత దాటకపోతే ఇంటికి పంపించేస్తారు. అది వినగానే హన్నమ్మకి కాఫీ సహించలేదు. ఫోను తీసి, చర్చి స్త్రీల వాట్సాప్ గుంపులో మైకు బొమ్మ నొక్కింది.

ఆ గుంపుకి ఒక నియమం ఉంది. రెండేళ్ళ కిందట ఒకావిడ మోకాలి నొప్పికి ప్రార్థన చెయ్యమంటే, సాయంత్రానికి ఆ మాట మోకాలు దాటి కోడలి దాకా, కోడలి పుట్టింటి దాకా వెళ్ళింది. అప్పట్నుంచి పాస్టరుగారి భార్య శేషారత్నంగారు కట్టడి చేశారు. కష్టం ఒక్కటే చెప్పాలి, పేర్లు చెప్పకూడదు. విన్నవాళ్ళు వివరాలు అడగకూడదు. వివరాలు దేవుడికి తెలుసు.

హన్నమ్మ నియమం తప్పే మనిషి కాదు. "మన పిల్లాడు నిన్న సైకిలు మీంచి పడ్డాడమ్మా. మెడ కింద ఎముక చిట్లింది. ఇవాళ వాడి ముందు పెద్ద కొండుంది. సాయంత్రం అయిదింటికి మొదలు. అందరూ తలో మాటా ప్రార్థన చెయ్యండి," అని చెప్పి, మనసు తేలికపడి, కాఫీ తాగేసింది.

విన్నవాళ్ళ మనసులు మాత్రం బరువెక్కాయి. హన్నమ్మకున్నది ఒక్కడే పిల్లాడు. అయిదింటికి మొదలంటే ఆపరేషనే. పెద్ద కొండంటే కష్టమైన ఆపరేషన్. అడగడానికి నియమం ఒప్పుకోదు, ఊరుకోవడానికి మనసు ఒప్పుకోదు. నాలుగు గంటలకల్లా శేషారత్నంగారు పదకొండు మంది ఆడవాళ్ళతో, రెండు డజన్ల అరటిపళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎలా ఉన్నాడక్కా పిల్లాడు?"

"గట్టివాడేనండీ అమ్మగారూ. పొద్దున్నే కట్టు కట్టించుకుని, నవ్వుతూ చెయ్యి ఊపాడు. మెర్సీ ఫోన్లో చూపించింది."

"డాక్టర్లేమన్నారు?" అనేసి, నియమం గుర్తొచ్చి శేషారత్నంగారు నాలిక్కరుచుకున్నారు.

"పడుకోమనే అన్నారంటండీ. వింటేనా? మానేస్తే పన్లోంచి తీసేస్తారు కదా! మిగతావాళ్ళకి నీళ్ళెవరు మోస్తారు?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుకుమార్ రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియనని విన్నారు గానీ నీళ్ళు మోస్తాడని వినలేదు. "ఎముక విరిగినా నీళ్ళు మోయిస్తారా! వాళ్ళు మనుషులేనా!" అని ఎవరో కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"అదంతేనమ్మా. పెద్దోడు పైకి రావాలంటే చిన్నవాళ్ళు గాలికి ఎదురెళ్ళాలి," అంది హన్నమ్మ. సైకిలు పందెం మీద ఊళ్ళో ఇంతమందికి ఇంత బెంగ ఉందని ఆమెకి ఆ రోజే తెలిసింది. సంతోషం పట్టలేక పప్పుచెక్కల డబ్బా తెరిచి అందరికీ పంచింది. కొడుక్కి ఆపరేషన్ పెట్టుకుని చెక్కలు పంచుతున్న తల్లిని చూసి వాళ్ళు నమలలేకా మింగలేకా కూర్చున్నారు.

శేషారత్నంగారి చెల్లెలి కూతురు శిల్పకి మనసాగలేదు. వరండాలోకి వెళ్ళి, కొల్లేటికోటలో ఉన్న హన్నమ్మ తమ్ముడు చిట్టిబాబుకి ఫోను చేసింది. "మావయ్యా, హన్నమ్మగారింట్లో సైకిలు మీంచి పడ్డారు. ఎముక విరిగింది. అంతకంటే చెప్పకూడదు, మా నియమం." పెట్టేసింది.

సుకుమార్ ఆ వేళ చిట్టిబాబు పక్కనే, చెరువు గట్టు మీద, ఇంటికి బయల్దేరబోతూ ఉన్నాడు. ఆ ఇంట్లో సైకిలు తొక్కేది మెర్సీ ఒక్కతే. ఆ మాట వినగానే వాడు గాభరాగా ఇంటికి ఫోను చెయ్యబోతే, అది చేజారి చెరువులో పడింది. చిట్టిబాబు తన ఫోనుతో ప్రయత్నిస్తే అక్క పలకలేదు. పలికే దారి లేదు మరి! ఫోన్లోంచే పందెం టీవీకి ఎక్కించాలి, మధ్యలో ఎవరైనా పిలిస్తే బొమ్మ ఆగిపోతుందని మెర్సీ కాల్సు రాకుండా నొక్కేసింది.

"ఎముక విరిగితే కొర్రమీను పులుసు పెట్టాల్రా," అని చిట్టిబాబు బతికున్న కొర్రమీనులు రెండు బకెట్లో వేసుకుని మోటారు సైకిలు వెనక ఎక్కాడు.

ఇక్కడ సరిగ్గా అయిదింటికి హన్నమ్మ టీవీ పెట్టింది. ప్రార్థన మొదలనుకుని తలల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు, రంగురంగుల చొక్కాల్లో బిలబిల్లాడుతున్న సైకిళ్ళని చూసి బిక్కచచ్చిపోయారు. దిగులుతో హన్నమ్మకి మతి చలించిందని శేషారత్నంగారు ఆమె చెయ్యి పట్టుకుని వీపు నిమిరారు.

"అదుగో అమ్మగారూ, మన పిల్లాడు!" హన్నమ్మ లేచి టీవీ మీద వేలు పెట్టింది. ఆఖరి వరసలో ఒక బక్క కుర్రాడు, మెడ దగ్గర తెల్లటి కట్టుతో తొక్కుతున్నాడు.

శేషారత్నంగారు టీవీలో కట్టునీ, హన్నమ్మనీ మార్చి మార్చి చూసి మెల్లిగా అడిగారు. "అక్కా, మరి సుకుమారో?"

"వాడికేం? కొల్లేరు నుంచి వస్తూ ఉంటాడు."

ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. అంతవరకూ నోట్లో నానుతున్న చెక్కలు అప్పుడు కరకరలాడాయి. ఒక్క శిల్ప మాత్రం నవ్వలేదు. "పెద్దమ్మా, నేను కొల్లేటికోటకి ఫోను చేశాను," అంది.

శేషారత్నంగారి ఫోన్లోంచి చిట్టిబాబు దొరికేసరికి అయిదున్నర దాటింది. పెంటపాడు దగ్గర మోటారు సైకిలు పంక్చరైంది. "వాడు ఆగితేనా అమ్మగారూ! నా చిట్టితల్లికేమైందో అని ఏడుస్తూ, పంక్చరు కొట్టువాడి సైకిలు లాక్కుని ఎక్కేశాడు. నేనూ కొర్రమీనులూ ఇక్కడున్నాం."

"సైకిలా?" అంది హన్నమ్మ. "మా సుకుమారా?"

అప్పటికే మెర్సీ సైకిలెక్కి గేటు దాటేసింది.

కాలవ వంతెనకి అవతల, వాన ముందు గాలి ఈడ్చి కొడుతుంటే, రోడ్డంతా తనదే అన్నట్టు వంకర్లు తిరుగుతూ ఒక సైకిలు వస్తోంది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత సైకిలెక్కిన మనిషి, హ్యాండిలు పట్టుకున్నాడో హ్యాండిలే వాణ్ణి పట్టుకుందో తెలియదు. మెర్సీని చూసి బ్రేకు వెయ్యడం కూడా మర్చిపోయి, రెండు కాళ్ళూ నేలకాన్చి ఆగాడు.

"పడిపోయావన్నారు కదే! ఎముక విరిగిందన్నారు!"

"నేను కాదు నాన్నా. ఎమిలియో."

"ఎవడాడు?"

"కొలంబియా. ఇంటికెళ్ళాక చెప్తా."

సుకుమార్ పిల్లని తల నుంచి పాదాల దాకా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఊపిరాడడం లేదు, కాళ్ళు లాగేస్తున్నాయి. "నావల్ల కాదమ్మా. నడిపించుకుంటూ వస్తాను," అన్నాడు.

"వద్దు నాన్నా. నా వెనక చక్రానికి మూరెడు దూరంలో ఉండు. గాలి సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఊరికే తొక్కు."

చిత్రం! పిల్ల ముందుంటే గాలి నిజంగానే తగ్గింది. సుకుమార్ ఆ చిన్న వీపుని చూస్తూ తొక్కాడు. ఆ వీపు ఒక్కసారి కూడా తూలలేదు. మలుపు ముందు చెయ్యి చాపి సైగ చేస్తోంది, గుంత వస్తే వేలితో చూపిస్తోంది. తన కూతురికి రోడ్డు ఇంత బాగా తెలుసని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన కాగితాన్నే చూడలేదు.

వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. టీవీలో కొండ మీద జనం ఏం చేస్తున్నారో అప్పుడే చూసి వచ్చారు కాబట్టి, చప్పట్లు కొట్టారు, కేకలేశారు, శిల్ప చెంబుడు నీళ్ళు సుకుమార్ నెత్తిన గుమ్మరించింది. ఆ నీళ్ళకి కళ్ళు మూసుకుని, వాడు నేరుగా వెళ్ళి గేటు ముందు దభీమని పడ్డాడు.

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. సుకుమార్ మట్టిలో కూర్చుని, ముందు కట్టుడు పళ్ళు తడుముకున్నాడు. ఉన్నాయి. మోకాలు చూసుకున్నాడు. గీరుకుపోయింది.

"అమ్మా," అన్నాడు ఆశ్చర్యంగా, "పడితే ఇంతేనా?"

"ఒక్కోసారి ఇంతేరా," అంది హన్నమ్మ. "లేచి లోపలికి రా. అక్కడ ఇంకోడు కొండ ఎక్కుతున్నాడు."

చిట్టిబాబు ఆటోలో దిగేసరికి ఏడున్నర. ఇంటి నిండా జనం. గెలిచినవాడు ఎప్పుడో గీత దాటేశాడు, ఆడవాళ్ళెవరూ వాడి పేరు కూడా అడగలేదు. అందరూ చూస్తున్నది ఎమిలియో కోసం. ఇంకా మూడు నిమిషాల గడువుంది, పిల్లాడు ఒంటిచేత్తో, మొహం వంకర్లు పోతూ తొక్కుతున్నాడు. మోకాలికి పసుపు పెట్టించుకున్న సుకుమార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తొక్కరా! తొక్కు! గాలి చూసుకో!" అని అరిచాడు.

ఎమిలియో అందరికంటే ఆఖర్న, నలభై సెకన్లు మిగిలుండగా గీత దాటాడు. శేషారత్నంగారు కళ్ళు తుడుచుకుని స్తోత్రం చెప్పారు. ఆ గోలలో సుకుమార్ కూతురి వైపు తిరిగాడు.

"కాగితమేదే?"

సంతకం కొంచెం వంకరగా పడింది, పక్కన మోచేతి మట్టి కూడా అంటింది. ఆటల మాస్టారు ఏమంటారోనని మెర్సీ దాన్ని ఊదుకుంటూ కూర్చుంది. కొర్రమీను పులుసు ఎముక విరిగినవాడికి అందే దారి లేదు కనుక, మోకాలు గీరుకున్నవాడికి పెట్టారు.

ఆ ఆదివారం శేషారత్నంగారు పాత నియమం ఎత్తేసి కొత్తది పెట్టారు. ఇకనుంచి ప్రార్థన అడిగేవాళ్ళు పడినవాడి పేరూ, ఇంటిపేరూ, దేశమూ విధిగా చెప్పాలి.