పేరు చెప్పని ప్రార్థన విన్నపం

ఇట్లా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే మాట కాదిది. దాచిన సంగతి బయటపెట్టడానికి లోకంలో రకరకాల పేర్లున్నాయి. ప్రభుత్వం బయటపెడితే వెల్లడించడం. మగవాళ్ళు బయటపెడితే చర్చ. ఆడవాళ్ళు బయటపెడితే చాడీ. హూడిలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఈ మూడూ నిషిద్ధం. మాకున్నదల్లా ప్రార్థన విన్నపమే.

ఆ సంగతి తెలిసీ నర్సు రాచెల్ నోరు జారింది. ఆమె భర్త జోనాకు కంపెనీలో ఉద్యోగం పోయింది. అత్త బేబీకి తెలిస్తే, వచ్చే వారం పెట్టుకున్న తన కంటి ఆపరేషన్ ఖర్చెందుకని వద్దంటుంది. అందుకని జోనా రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో ఆఫీసు తాడు వేసుకుని (కార్డు కంపెనీవాళ్ళు తీసేసుకున్నారు, కాబట్టి కొసను జేబులో దోపుకుంటాడు) వర్తూరు చెరువు గట్టున క్యారియర్ తిని సాయంత్రం ఇల్లు చేరుతున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక రాచెల్ ఈ మాటను స్త్రీల కూటం పెద్ద ప్రిస్కిల్లా చెవిన వేసింది.

"అక్కా, నీ వరకే ఉండనీ."

"నా కడుపులో వేస్తే సమాధిలో వేసినట్టే కదమ్మా."

(సమాధుల్లోంచి లేచి రావడం మీద మావాళ్ళకు గట్టి నమ్మకమని రాచెల్‌కు ఆలస్యంగా గుర్తొచ్చింది.)

విన్నపంలో పేరు చెప్పరాదన్నది నియమం. ప్రిస్కిల్లా చెప్పలేదు. సాయంత్రం గ్రూపులో ఇలా పెట్టింది: "మన సహోదరుడొకరికి ఉద్యోగం పోయింది. పేరు అడగవద్దు. పొడుగు, కళ్ళజోడు, ఎర్ర స్కూటరు, భార్య నర్సు. తల్లికి తెలియకుండా ప్రార్థించండి." (దేవుడు ఇల్లు తప్పిపోకూడదు కదా.) ఇస్సాకు తాత స్కూటరు నంబరు కూడా అడిగాడు, భారంతో ప్రార్థించడానికట.

అత్తకు చూపు ఆనదు, ఫోను చదవలేదు. రాచెల్‌కు మిగిలిన ధైర్యం అదొక్కటే.

శుక్రవారం ఉపవాస కూటంలో ప్రిస్కిల్లా విన్నపాలు పంచింది. తల్లుల విషయం తల్లులే ప్రార్థించాలన్నది ఇంకో నియమం. ఉద్యోగం పోయిన సహోదరుడి విన్నపం బేబీ వంతుకొచ్చింది. రాచెల్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ప్రభువా," అని బేబీ లేచింది, "ఆ బిడ్డ చెరువు గట్టున కూర్చోని అన్నం తింటా ఉండాడు. దోమలు కుట్టకుండా చూడు. ఆపరేషన్ వద్దంటే కుమిలిపోతాడని, వాళ్ళమ్మ ఏమీ తెలీనట్టే ఉండాది. కంటి కట్టు విప్పేదాకా ఆయమ్మ నోరు కట్టెయ్యి తండ్రీ."

గట్టు సంగతి గానీ ఆపరేషన్ సంగతి గానీ విన్నపంలో లేదు. రాచెల్ ఆమెన్ అనడం మరిచిపోయింది.

ఇంటికొస్తూ అడిగింది. "అత్తా, నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదమ్మా. మన సంఘంలో చాడీలు ఉండవు గదా. ఆదివారం నుంచీ ఎదురొచ్చినోళ్ళంతా నాకోసం ప్రార్థన చేస్తా ఉండారంతే."

మరునాడు క్యారియర్‌లో దోమల మందు ట్యూబు కూడా ఉంది. ఎవరు పెట్టారో జోనా అడగలేదు.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మరొకరికి చెప్పండి. పేర్లు మాత్రం చెప్పకండి. పొడుగు, కళ్ళజోడు, ఎర్ర స్కూటరు అంటే చాలు.