బికెట్ జాతీయ సంపద అయిన వైనం

పుయ్‌మోరెల్ గ్రామస్థులకు తెలియజేయడమైనది ఏమనగా, మదాం ఫిలొమెన్ వెసాద్ గారి కారు సోమవారం సాయంత్రం వరకు గాలిని పాడుచేసే ప్రజాకంటకం. మంగళవారం ఉదయం నుంచి అది ఫ్రెంచి జాతి వారసత్వ సంపద. ఈ మధ్యలో కారుకు ఏ మరమ్మతూ జరగలేదు. పుట్టినరోజు జరిగింది. ముప్ఫై నిండాయి.

దీనికి ముక్కున వేలేసుకోవలసిన పని లేదు. మా దేశపు చట్టం చాలా శాస్త్రీయమైనది. ఇరవై తొమ్మిదేళ్ల కారు గొట్టంలోంచి వచ్చేది పొగ. ముప్ఫై ఏళ్ల కారు గొట్టంలోంచి వచ్చేది చరిత్ర. చరిత్రను పీలిస్తే దగ్గు రాదని నిపుణులు తేల్చారు.

కారు పేరు బికెట్, అంటే మేకపిల్ల. వెనక తలుపు పైకి లేచే చిన్న బండి. తయారుచేసిన కంపెనీ పేరు మనకెందుకు, వాళ్ళే మరిచిపోయారు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదని ఫిలొమెన్ అంటుంది, కాగితాల్లో కూడా అలాగే ఉంది. డ్రైవరు తలుపు బయటినుంచి తప్ప తెరుచుకోదు కనుక, దిగాలంటే అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, ఎవరో పెద్దమనిషి తనకు తలుపు తీసినట్టుగా తానే తీసుకోవాలి. వేడిగాలి జూలైలో మాత్రమే వస్తుంది. ఎడమకు తిరుగుతానని దీపం వేస్తేనే అద్దం తుడిచే వానపుల్లలు ఆడతాయి. అందుకని వాన పడితే ఫిలొమెన్ దారిపొడవునా ఎడమకు తిరుగుతున్నానని చెబుతూ తిన్నగా పోతుంది. మా రాజకీయ నాయకులు చాలామంది ఈ విద్య ఆమె వెనక వచ్చే కార్లలో కూర్చునే నేర్చుకున్నారని ఊళ్ళో చెప్పుకుంటారు.

బికెట్‌కు వైద్యుడు పొరుగు రైతు ఫుల్జాన్స్. తన ట్రాక్టరును తానే బాగుచేసుకోగలడు కాబట్టి, విమానం ఇచ్చినా వెనకాడడు. ఆయన వైద్యమంతా ఒకే మందు మీద నడుస్తుంది. అది ఎండుగడ్డి మోపులు కట్టే నీలం తాడు. బికెట్ పొగగొట్టం ఆ తాడుతోనే వేలాడుతుంది. బ్యాటరీ కూడా అంతే. గేరు కర్ర రెండో గేరులో నిలవాలంటే తాడు చివర మోకాలికి చుట్టుకోవాలి. కుట్టుమిషను బెల్టొకటి, సైకిలు ట్యూబొకటి లోపల ఎక్కడో ఉన్నాయి. ఎక్కడో ఫుల్జాన్సుకు కూడా గుర్తు లేదు. రెండేళ్లకోసారి జరిగే ప్రభుత్వ తనిఖీలో ఇన్‌స్పెక్టరు కిందకి వంగి చూసి, "ఇది... ఊడదు కదా?" అని అడిగేవాడు. "నేను కట్టాక ఊడటమా?" అని ఫుల్జాన్స్ ఒంటికాలి మీద లేచేవాడు. పాస్ అయిపోయేది.

ఇంత అవస్థ ఎందుకంటే, గురువారం కోసం.

ఫిలొమెన్ అక్క సిదోని పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంటుంది. సౌకర్యాలకు లోటు లేదు. భోజనంలో మాత్రం ఉప్పు ఉండదు, చీజ్ అగ్గిపెట్టెంత ముక్క కాగితంలో చుట్టి ఇస్తారు. కనుక ఫిలొమెన్ ప్రతి గురువారం మధ్యాహ్నం ఊలు ఉండల సంచి అడుగున కొండ చీజ్ ముక్క పెట్టుకుని, వేడినీళ్ళ రబ్బరు తిత్తిలో చేదువేరు సారా పోసుకుని వెళ్తుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పేకాట ఆడతారు. ఇద్దరూ దొంగాటే. సిదోనికి చూపు ఆనదు, అయినా ఎదుటిముక్క ఏమిటో ఎలాగో తెలుస్తుంది.

ఫిలొమెన్ రాగానే సిదోని, "ఆలస్యం చేశావేం? చచ్చావనుకుని నీ కుర్చీ పక్కగది ముసలాడికి ఇచ్చేశాను" అంటుంది. ఆమె ప్రేమగా మాట్లాడటమంటే అదే. వారంలో మిగతా రోజులు ఆమె ఎవరితోనూ అంత కూడా మాట్లాడదని నర్సులు చెబుతారు.

పట్నానికి వేరే దారి లేదా అని మీరు అడగవచ్చు. ఎందుకు లేదు, చక్కగా ఉండేది. రైలు ఉండేది. ఎవరూ ఎక్కడం లేదని తీసేసి, స్టేషన్ను రైళ్ల జ్ఞాపక మందిరం చేశారు. అందులో జనం క్రిక్కిరిసి ఉంటారు. తర్వాత బస్సు వచ్చింది. అందరికీ కార్లున్నాయి కదా అని దాన్నీ తీశారు. పోస్టాఫీసు మూసి గోడకు ఒక రాగి ఫలకం కొట్టారు. రొట్టెల దుకాణం మూసి ఇంకొకటి కొట్టారు. ఇప్పుడు పుయ్‌మోరెల్‌లో రొట్టె దొరకదు గానీ, రొట్టె ఎప్పటినుంచి ఎప్పటిదాకా దొరికిందో మాత్రం ఖచ్చితంగా తెలుస్తుంది.

అలాంటి సమయంలో పట్నం పొలిమేరలో కొత్త బోర్డు లేచింది. పాత కార్లు లోపలికి రాకూడదు. రెండున్నర టన్నుల బరువుతో, ఒక్క మనిషిని మోసుకుంటూ, ఏనుగంత ఎత్తున వచ్చే కొత్త కార్లకు ఆకుపచ్చ బిళ్ళ అంటించి స్వాగతం పలికారు. తొట్టెంత ఉన్న బికెట్‌ను చూసి పోలీసు చెయ్యి అడ్డుపెట్టాడు.

"వెనక్కి తిప్పండి మదాం. మీ బండి భూగోళాన్ని వేడెక్కిస్తోంది."

"ఇదా? నా కాళ్ళనే వేడెక్కించలేక చస్తోంది నాయనా!" అంది ఫిలొమెన్.

చట్టం దగ్గర హాస్యం చెల్లదు. వెనక్కి తిప్పింది. ఆ గురువారం సిదోని నిజంగానే చెల్లెలు పోయిందనుకుని, పేకముక్కలు కుర్చీ మీద పరిచి, ఒక్కతే ఇద్దరి ఆటా ఆడుకుందట. నర్సు ఫోనులో ఆ సంగతి చెప్పగానే ఫిలొమెన్ ఫోను పెట్టేసింది. నేరుగా పంచాయతీ కార్యాలయానికి నడిచింది.

మేయరు అమెదే క్రూజెవియాల్ గారు దూరదృష్టి గల మనిషి. దగ్గరివి ఏవీ కనబడవు. ఆయన బాధలు ఆయనకున్నాయి. మా దేశంలో మేయరు పరువు ఊరి మొగలో ఉండే గుండ్రటి కూడలి దిమ్మె మీద ఉంటుంది. పొరుగూరు మేయరు తన దిమ్మె మీద రెండంతస్తుల సిమెంటు పందితొడ నిలబెట్టి ఎన్నిక గెలిచాడు. పుయ్‌మోరెల్ దిమ్మె మీద గడ్డి తప్ప ఏమీ లేదు. ఆయనకు నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో.

"మదాం వెసాద్, దారి ఉంది!" అన్నారు మేయరు. "మీ బండికి వచ్చే నెల ముప్ఫై నిండుతాయి. చారిత్రక వాహనంగా ధ్రువీకరణ తెచ్చుకుంటే పట్నంలోకి దర్జాగా పోవచ్చు. ఆ పోలీసే సెల్యూట్ కొడతాడు."

"గురువారం పోవచ్చా?"

"ఏ వారమైనా!"

ఫిలొమెన్ ఆనందానికి అంతు లేదు. మేయరును రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. మా ప్రాంతపు మర్యాద ప్రకారం మూడోది కూడా పెట్టింది.

ధ్రువీకరణకు నిపుణుడొచ్చాడు. పేరు థియోఫ్రాస్త్ లబోరీ, చేతిలో భూతద్దం. ముందుగా ఫిలొమెన్ వండిన వెల్లుల్లి ఆలుగడ్డ ముద్ద మూడు పళ్ళేలు తిని, చారిత్రకంగా ఉందని మెచ్చుకున్నాడు. తర్వాత బికెట్ కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. పోయాడేమోనని ఫుల్జాన్స్ కాలు పట్టి లాగబోయాడు.

"ఈ తుప్పు అద్భుతం," అన్నాడు నిపుణుడు, బయటికొచ్చి. "అసలుసిసలు ఫ్యాక్టరీ తుప్పు. కానీ ఈ నీలం తాడేమిటి?"

"నా పనితనం," అన్నాడు ఫుల్జాన్స్ ఛాతీ విరిచి.

"తీసేయాలి. చారిత్రక వాహనం పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి."

"పుట్టినప్పుడు నడిచేది కాదయ్యా! నేను కట్టాకే నడిచింది!"

"నడకను గురించి నిబంధనల్లో ఏమీ లేదు," అన్నాడు నిపుణుడు.

ఊరంతా కదిలింది. జాతి కోసం జనం ఎంతకైనా తెగిస్తారు. ఫుల్జాన్స్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తాడు విప్పాడు. విప్పిన కొద్దీ వస్తూనే ఉంది. కుట్టుమిషను బెల్టు బయటపడింది, సైకిలు ట్యూబూ బయటపడింది. కొత్తలోనే పనికిరాదని పీకేసిన అసలు డైనమో ఒకరి కోళ్ళగూట్లో దొరికింది. దానిమీద పొదిగే కోడిని బతిమాలి లేపారు. పగుళ్ళిచ్చిన అసలు గొట్టాలు, ఎన్నడూ పట్టని అసలు బ్రేకులు, అన్నీ భక్తిగా తిరిగి బిగించారు. పని పూర్తయ్యేసరికి బికెట్ నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛమైన ఫ్రెంచి వాహనం అయింది. తాళం తిప్పితే దగ్గు కూడా రాలేదు.

నిపుణుడు చేతులు జోడించినంత పనిచేసి ధ్రువపత్రం మీద సంతకం పెట్టాడు.

"మరి గురువారం?" అంది ఫిలొమెన్.

"ఇప్పుడు మీకు పట్నంలోకి వెళ్ళే పూర్తి హక్కు ఉంది మదాం," అన్నారు మేయరు గారు గంభీరంగా. హక్కు చేతికొచ్చాక బండి కూడా కావాలనడం అత్యాశ అనే భావం ఆ ముఖంలో స్పష్టంగా కనిపించింది.

తాడు మళ్ళీ కట్టేస్తానని ఫుల్జాన్స్ తెల్లారకముందే తాడు చుట్ట పట్టుకుని వచ్చాడు. మేయరు ఆయన కంటే ముందే వచ్చి బండి ముందు నిలబడి ఉన్నారు. జాతీయ సంపద మీద చెయ్యి వేస్తే జైలేనట. అంతేకాదు, అలాంటి సంపదను ఎండకూ వానకూ వదిలేయడం దేశద్రోహం. కనుక దాన్ని కూడలి దిమ్మె మీద ఎండలో, వానలో ప్రతిష్ఠించాలని పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫిలొమెన్ ఒప్పుకోలేదు. కోప్పడింది, ఏడ్చింది, మేయరును ఒకసారి గొడుగుతో పొడిచింది కూడా.

"మీరు గురువారం గురించి ఆలోచిస్తున్నారు మదాం. నేను శతాబ్దాల గురించి ఆలోచిస్తున్నాను," అన్నారాయన. "అయినా మీ ప్రయాణం బాధ్యత పంచాయతీది. దానికోసం ఒక ఉపసంఘం వేశాను."

ఆ మాట నమ్మి ఆమె దానపత్రం మీద సంతకం చేసింది. ఉపసంఘం శుక్రవారం శుక్రవారం సమావేశమవుతుంది.

ఆవిష్కరణ రోజు వచ్చింది. మేయరుకు తీరిక కుదిరింది గురువారమే. ఫుల్జాన్స్ ట్రాక్టరు బికెట్‌ను దిమ్మె మీదికి లాగింది. నీలం తాడుతోనే లాగింది, అది ఎవరూ గమనించనట్టు నటించారు. అగ్నిమాపక దళం బ్యాండు జాతీయ గీతాన్ని మూడు వేర్వేరు వేగాల్లో ఒకేసారి వాయించింది. మేయరు గారు భుజం మీద మూడురంగుల పట్టీ సర్దుకుని ఉపన్యసించారు.

"సోదర పౌరులారా! ఈ వాహనం ఒక ఇనుపముక్క కాదు. ఇది మన స్వేచ్ఛ! మారుమూల పల్లెలోని ఒక సామాన్య మహిళ, ఎవరి దయకూ చెయ్యి చాచకుండా, తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళగలిగిన ఆ మహత్తర యుగానికి ఇది సాక్ష్యం! ఆ స్వేచ్ఛను మనం ఈరోజు శాశ్వతంగా సిమెంటులో బిగిస్తున్నాం!"

చప్పట్లు మారుమోగాయి. కొందరి కళ్ళు చెమర్చాయి. సాసేజి ముక్కలు, తెల్లవైను పంచారు. ఫిలొమెన్ ఊలు సంచీ పట్టుకుని దిమ్మె మీద నిలబడి ఉంది. సంచీ అడుగున చీజ్ వాసన వేయడం మొదలుపెట్టింది. వచ్చిన వాళ్ళలో సగంమంది పట్నం వాళ్ళే. తిరిగి పోయేది ఆ దారినే. ఎవరో ఒకరు ఎక్కించుకోరా అని ఆమె ధీమా. ఫుల్జాన్స్ కూడా దింపుతానన్నాడు గానీ, ట్రాక్టరును పట్నం పొలిమేర దాటనివ్వరు.

వైను అయిపోయింది. ఒక్కొక్కరూ తమ ఏనుగు కార్లెక్కారు. బికెట్‌ను అన్ని వైపుల నుంచీ చూడాలని దిమ్మె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు, కొందరు రెండు చేశారు. అన్ని కార్లలోనూ వెనక సీట్లు ఖాళీ. ఫిలొమెన్ చెయ్యి ఊపింది. అందరూ ఎంతో అభిమానంగా తిరిగి చెయ్యి ఊపారు. హారన్లు కొట్టారు. ఆమె దిమ్మె దిగి రోడ్డు దాటుదామంటే, గౌరవవందనం ఎడతెగకుండా తిరుగుతూనే ఉంది.

"బాబూ, పట్నం!" అని అరిచింది. "మా అక్క ఎదురుచూస్తూ ఉంటుంది!"

చివరికి ఒక పెద్ద తెల్లకారు ఆగింది. ఫిలొమెన్ ప్రాణం లేచొచ్చింది. సంచీ సర్దుకుని ముందుకు అడుగేసింది. అద్దం దిగింది. లోపల ఒక నవ్వుముఖం అమ్మాయి, చేతిలో ఫోను.

"అమ్మమ్మా, కొంచెం పక్కకు జరుగుతారా? బండికి అడ్డం వస్తున్నారు."

ఫిలొమెన్ జరిగింది. ఫోటో చాలా బాగా వచ్చింది. మీరూ మీ ఫోనులో చూసే ఉంటారు, పాతబండి, చుట్టూ పూలు, వెనక కొండలు. కింద ఎర్ర గుండె నొక్కినవాళ్ళలో మీరూ ఉన్నారట.