గిలాండర్స్ మడుగులో బురద నీళ్ళు

మంగళవారం ఉదయం ఆరున్నరకు ఫెర్గస్ డాయిగ్ తన కొట్టు ముందున్న నల్లబల్ల మీద ఒక అబద్ధం రాశాడు. "గిలాండర్స్ మడుగు: ఎగువన పశువులు నదిలో దిగాయి. నీళ్ళు బురద. చేపల్లేవు. వెళ్ళకండి." రాసి, చేతికంటిన సుద్దపొడిని ప్యాంటుకు తుడుచుకుని, లోపలికి వెళ్ళి టీ పెట్టుకున్నాడు.

నీళ్ళు బురదగా లేవు. వానపడి పది రోజులైంది. వైతోరు నది అడుగున గులకరాళ్ళు ఒడ్డు మీంచే కనబడుతున్నాయి.

గ్లెన్‌నైర్న్‌లో ట్రౌట్ చేపల గాలాలూ, ఈకలతో పురుగుల్లా కట్టిన ఎరలూ అమ్మే కొట్టు అదొక్కటే. ఏ నది ఎలా ఉందో రోజూ పొద్దున్నే ఆ బల్ల మీద రాయడం ఫెర్గస్ పని. ఏడు గంటలకు ఊరి రేడియోలో దాన్నే చదువుతారు. పంతొమ్మిదేళ్ళలో అతను అబద్ధం రాయలేదు. నిజం కూడా పూర్తిగా రాయలేదు. చేపలు విరగబడి ఎరలు మింగుతుంటే "ఫరవాలేదు" అని రాసేవాడు. ఒక మోస్తరుగా ఉంటే "వెళ్ళి చూడొచ్చు" అనేవాడు. అసలేమీ లేకపోతే "కాస్త ఓపిక కావాలి." ఊరంతటికీ ఈ లెక్క తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. ఊరివాళ్ళు చెప్పరు.

ఈ అబద్ధానికి కారణం అతని అత్తగారు ఎఫీ బెయిర్డ్. వయసు ఎనభై ఒకటి. ఊరి బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. శుక్రవారం మధ్యాహ్నాలు పిల్లల్ని రగ్బీ మైదానానికి తీసుకుపోయి, గడ్డి మీద గాలం తాడు విసరడం నేర్పేది. మోచెయ్యి గాలిలోకి లేస్తే స్కేలుతో ఒకటి వేసేది. ఊళ్ళో గాలం పట్టిన ప్రతివాడి మోచేతికీ ఆ స్కేలు తెలుసు. ఫెర్గస్ ఆమెకు అల్లుడు కాకముందు శిష్యుడు. దెబ్బలు తిన్నవాళ్ళలో అతనిది మొదటి వరస.

రెండేళ్ళ కిందట ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి నదికి వెళ్ళలేదు. ఆదివారం భోజనాల దగ్గర ఉన్నట్టుండి విషయం ఎత్తింది.

"ఒక్క పొద్దున వెళ్తాను, అబ్బాయ్. గిలాండర్స్ మడుగుకి. ఈ మోకాలితో దిగగలిగింది అదొక్కటే. పడితే పడింది. లేకపోతే నా గాలం చర్చివాళ్ళ పాతసామాన్ల అమ్మకానికి ఇచ్చేస్తాను."

"అలాగే అత్తయ్యా. మంగళవారం పోదాం."

"ఒక్క మనిషి ఉండకూడదు అక్కడ. నా చెయ్యి వణకడం చూస్తే జాలిపడతారు. ఆ మోచేతుల మీద కొట్టినదాన్ని నేను. వాళ్ళ జాలి నాకొద్దు."

ముందురోజు బల్ల మీద ఆ మడుగుకు "ఫరవాలేదు" అని ఉంది. మర్నాడు ఏమీ రాయకపోతే అనుమానం వస్తుంది. అందుకని ఫెర్గస్ ఈ ఉపాయం ఆలోచించాడు. భార్య మోరాగ్ వద్దంది.

"నీకు అబద్ధం చెప్పడం రాదు. పెళ్ళికి ముందు మా ఇంట్లో భోంచేస్తూ, మటన్ బ్రహ్మాండం అన్నావు. నీ మొహం చూసి మా అమ్మే ప్లేటు తీసేసింది."

"ఇది రాతలో కదా. మొహం కనబడదు."

అతను మరో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. ఆ నదుల మీద ఒక మర్యాద ఉంది. గేటు దగ్గర కారు కనబడితే లోపల ఎవరో గాలం వేస్తున్నారని అర్థం. తర్వాత వచ్చినవాడు ఆగకుండా మరో చోటుకు పోతాడు. తన వ్యాను కనబడితే బల్ల మీది అబద్ధం బయటపడుతుందని, ఫెర్గస్ దాన్ని ఎండుగడ్డి కొట్టం వెనక దాచాడు. లోపల మనుషులున్నారని చెప్పే గుర్తు ఆ విధంగా పోయింది.

ఏడు గంటలకు మాంసం కొట్టు నార్మ్ టలక్ రేడియో విన్నాడు. కత్తి కింద పెట్టాడు. రొట్టెల దుకాణం నడిపే అతని చెల్లెలు ఐవీ అప్పుడే లోపలికి వచ్చింది.

"విన్నావా?" అన్నాడు నార్మ్.

"విన్నాను. బురదట."

"పిచ్చిదానా, ఫెర్గస్ ఎప్పుడైనా 'వెళ్ళకండి' అన్నాడా? వరదకు వంతెన కొట్టుకుపోయిన రోజున 'కాస్త ఓపిక కావాలి' అని రాసినవాడు!"

"అయితే?"

"అయితే ఏమిటి? 'ఫరవాలేదు' అంటేనే బుట్ట నిండుతుంది. 'వెళ్ళకండి' అన్నాడంటే అక్కడ చేపలు ఒడ్డెక్కి మన అడ్రసు అడుగుతున్నాయన్నమాట."

ఐవీ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పేసింది. "నువ్వు కారు తియ్యి. నేను పొయ్యి ఆర్పి వస్తా."

నార్మ్ తలుపుకు "అంత్యక్రియలకు వెళ్ళాం" అని అట్ట తగిలించాడు. ఊళ్ళో ఎవరూ చనిపోలేదు. మాంసానికి వచ్చినవాళ్ళు అట్ట చదివి, ఎవరు పోయారని ఒకరినొకరు అడిగి, ఎవరూ పోలేదని తేల్చుకుని, ఇళ్ళకు పోయి గాలాలు తెచ్చుకున్నారు. పోస్టాఫీసులో ఇద్దరికి ఒకేసారి జ్వరం వచ్చింది. పాస్టర్ ఎబెనీజర్ పూల్ తనకు చెప్పకుండా ఎవరిని పాతిపెడుతున్నారో తెలుసుకోవడానికి నాలుగిళ్ళు తిరిగాడు. అందుకని అందరికంటే ఆఖరున బయలుదేరాడు. కారు వెనకసీట్లో ఆయన గాలం కూడా ఉంది.

మడుగు దగ్గర ఎఫీ బెయిర్డ్ అప్పటికి మోకాళ్ళ లోతు నీళ్ళలో చేతికర్ర ఆనించి నిలబడింది. ఎర తనే కట్టుకుంది. దారం కొక్కెం బెజ్జంలోకి ఎక్కేసరికి చాలాసేపు పట్టింది. ఫెర్గస్ సాయం చేస్తానంటే కళ్ళెర్రజేసింది. మొదటిసారి విసిరిన తాడు వెనక్కొచ్చి ఆమె టోపీకే చుట్టుకుంది.

"ఎవరూ చూళ్ళేదు కదా?"

"ఎవరున్నారు అత్తయ్యా, చూడటానికి?"

గట్టు మీద కారు తలుపు చప్పుడైంది. తర్వాత ఇంకో తలుపు. తర్వాత లెక్క తప్పింది.

నార్మ్ ముందు దిగాడు. మడుగులో ఎవరున్నారో చూసి ఆగిపోయాడు. మడుగులో ఒకరుండగా రెండోవాడు దిగడు. ఆ ఒకరు టీచరైనప్పుడు వెనక్కి తిరిగి పోవడం కూడా మర్యాద కాదు. నార్మ్ టోపీ తీసి ఒడ్డున గడ్డిలో కూర్చున్నాడు. ఐవీ పక్కన కూర్చుంది. వెనక వచ్చినవాళ్ళు వాళ్ళ వెనక కూర్చున్నారు. కాసేపటికి ముప్పైమంది దాకా వరసల్లో, చేతులు కట్టుకుని, మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు.

ఎఫీ వెనక్కి తిరగకుండా అడిగింది. "ఫెర్గస్, ఏమిటిది?"

"బురదగా ఉంది, వెళ్ళకండి అని రాశాను అత్తయ్యా."

"వెళ్ళకండి అని రాశావా? నువ్వు?"

"అవును."

"నీకు రాత నేర్పింది నేనే. ఎవర్నీ అనుకోవడానికి లేదు."

ఆమె మళ్ళీ విసిరింది. చెయ్యి వణికి తాడు కాళ్ళ దగ్గరే కుప్పగా పడింది. ఇంకోసారి విసిరింది. అదీ అంతే. మూడోసారికి ఒక గొంతు దానంతటదే బయటికి వచ్చింది.

"మోచెయ్యి, టీచరుగారూ."

"ఎవరది?"

"నేనండీ. నార్మ్‌ని."

"నోట్లో చూయింగ్ గమ్ తీసి మాట్లాడు."

నార్మ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎఫీ తాడు చుట్టడం మొదలుపెట్టింది. "చాలు ఫెర్గస్. ఇంటికి పోదాం. గాలం పాస్టర్‌గారికి ఇచ్చెయ్యి. ఆయన ఎలాగూ ఇక్కడే ఉన్నారు."

ఫెర్గస్ గాలం అందుకోబోయాడు. అవతలి పొలం మీదుగా నాలుగు చక్రాల బండి మీద ఆ పొలాల యజమాని వాటీ గిలాండర్స్ వచ్చాడు. అతని కుక్క ముందే మొరిగింది. అతని వెనకే, అదే పొలం దారిన, కౌన్సిల్ వారి తెల్ల కారులో నీటి పరీక్షల అధికారి అరోహా టిపా వచ్చింది. ఇద్దరూ రేడియో విన్నారు. చెప్పింది చెప్పినట్టు నమ్మినవాళ్ళు ఆ ఊళ్ళో వాళ్ళిద్దరే.

"నా పశువులు నదిలో దిగాయన్న మొనగాడెవడు?" అని అరిచాడు వాటీ. "ఒరేయ్ ఫెర్గస్! ఆ కంచె వెయ్యడానికి చలికాలమంతా నా నడుం విరిగింది. కోడిపిల్ల కూడా దూరదు దాంట్లోంచి!"

"గిలాండర్స్ గారూ, అరవకండి," అంది అరోహా. "రేడియోలో వచ్చాక చూడకుండా ఉండటానికి నాకు లేదు. పశువులు నదిలో దిగితే జరిమానా ఖాయం. దిగలేదంటే సంతోషం."

"దిగలేదు! వాణ్ణే అడుగు. చెప్పరా, దిగాయా?"

ఫెర్గస్ అత్తగారి వీపు వంక చూశాడు. "లేదు వాటీ. దిగలేదు."

"మరెందుకు రాశావురా?"

ఫెర్గస్ నోరు తెరిచాడు. ఎవరికోసం రాశాడో చెబితే ఆమె పరువు పోతుంది. చెప్పకపోతే వాటీ ఊరుకోడు. అరోహా మాత్రం వాళ్ళ వంక చూడటంలేదు. నీళ్ళ వంక చూస్తోంది.

"గిలాండర్స్ గారూ, ఇదేమిటి?"

ఎగువ నుంచి గోధుమరంగు చార ఒకటి ఒడ్డు వెంబడే వస్తోంది. చూస్తుండగానే వెడల్పై మడుగులో సగాన్ని కమ్మింది. ముప్పైమందీ లేచి నిలబడ్డారు. నార్మ్ ఫెర్గస్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పొద్దున ఆరున్నరకే నీకెలా తెలిసిందయ్యా?"

పై పొలంలోంచి ఆవు అరుపు వినబడింది. అందరూ అటు పరిగెత్తారు. ఎఫీ ఫెర్గస్‌ను కర్రతో అదిలించింది. "నువ్వూ పో. బరువు లాగడానికి పనికొస్తావు. నాకేం కాదు."

జరిగింది ఇది. నదికి వచ్చే దారిలో వాటీ గేటు ఒకటుంది. ఎలా ఉన్న గేటును అలాగే వదిలిపోవాలన్నది ఆ ప్రాంతంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మూసి ఉన్న ఆ గేటును ప్రతి కారూ తెరిచి మూసింది, ఆఖరుది తప్ప. ఇంకా ఈనని పడ్డలు పదకొండు బయటపడి రేవులోకి దిగాయి. వాటి వెనక దిగిన ఒక పాలావు బంకమట్టిలో కడుపు దాకా కూరుకుపోయింది.

తాడు తెచ్చారు. నార్మ్ మెడ దాకా దిగి ఆవు పొట్ట కింద నుంచి తాడు తిప్పాడు. ఆ పశువు శరీరంలో ఏది ఎక్కడుంటుందో అతనికి తెలుసు. "దీని ముందు నా పేరెత్తకండి, నా వృత్తి దీనికి తెలిస్తే కష్టం," అన్నాడు. పాస్టర్ తాడు చివర పట్టుకున్నాడు. అరోహా టిపా బూట్లు విప్పి మట్టిలోకి దిగింది. మొదటి లాగుడుకు పోస్టాఫీసు ఇద్దరూ బురదలో పడ్డారు. జ్వరం మాట ఎవరూ ఎత్తలేదు. ఐదో లాగుడుకు ఆవు బయటికి వచ్చి, నార్మ్‌ను తొక్కి, గడ్డి మేయడం మొదలుపెట్టింది.

వాటీ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మీరంతా లేకపోతే ఇది పోయేదే. నా మందలో మంచి ఆవు. ఎలా చెప్పాలో తెలీటంలేదు." వాళ్ళు రాకపోతే గేటు మూసే ఉండేది. ఆ మాట ఎవరూ అనలేదు. పాస్టర్ దిక్కులు చూశాడు. తన కారే ఆఖరుదని ఆ తర్వాత ఆయనే వాటీ దగ్గర ఒప్పుకున్నాడు. "పాపం లేనివాడు మొదటి గేటు మూయుగాక," అన్నాడు వాటీ.

అరోహా పడ్డల్ని లెక్కపెట్టి, "గేటు తెరిచింది బయటివాళ్ళు. రైతు తప్పులేదు," అంది. జరిమానా లేదు.

అదే సమయంలో మడుగు దగ్గర జరిగినదానికి ఎఫీ బెయిర్డ్ మాట ఒక్కటే ఆధారం. నీళ్ళకు రంగు ఎక్కితే చేపలు భయం వదిలి ఒడ్డుకు వస్తాయి. ఒడ్డున మనిషి వాటికి కనబడడు. దూరం విసరనక్కర్లేదు, ఎరను దించితే చాలు. ఆమె చుట్టిన తాడును రెండు మూరలు విప్పి, తన బూటు పక్కనున్న రాయి వెనక దించింది. చెయ్యి వణికింది. నీళ్ళలో ఎర కూడా వణికింది, ప్రాణమున్న పురుగులాగే. చేప అందుకుంది.

అందరూ తిరిగి వచ్చేసరికి ఆమె ఒడ్డున గడ్డిలో కూర్చుని ఉంది. కుడి చొక్కాచెయ్యి భుజం దాకా తడిసింది. ఎర కొక్కెం సగం సాగిపోయి ఉంది.

"పట్టాను," అంది. "ఆడచేప. ఇంత." చెయ్యి చాచి వేళ్ళ చివరి నుంచి మోచెయ్యి దాటి చూపించింది. "వదిలేశాను. ఎవరైనా చూశారా?"

ఫెర్గస్ బూటు బురదను గడ్డికి తుడిచాడు. "మీరే కదా అత్తయ్యా, ఎవరూ చూడొద్దన్నారు."

"నా చెయ్యి వణకడం చూడొద్దన్నాను. నా చేపను చూడొద్దన్నానా?"

అందరూ ఆమె చెయ్యి పొడుగు కొలుస్తున్నారు. చేప కథ ఎవరు చెప్పినా సగానికి తగ్గించి వినడం ఆ ఊరి అలవాటు. ఎఫీ చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. బురద మధ్యలో కళ్ళు మాత్రమే కనబడుతున్న నార్మ్ ముందుకు వచ్చాడు.

"నేను చూశాను టీచరుగారూ. తోక నీళ్ళను కొట్టినప్పుడు చూశాను."

"నేనూ చూశాను," అంది ఐవీ. "అన్నయ్య కంటే ముందు."

"దేవుడి సాక్షిగా," అన్నాడు పాస్టర్ పూల్, ఆపైన కొంచెం ఆగి, "చాలా పెద్ద చేప."

వాటీ చూశాడు. పోస్టాఫీసు ఇద్దరూ చూశారు. ఒక్కొక్కరే చేతులెత్తారు, బడిలోలాగే. ఎఫీ వరస వెంట అందరి మొహాలూ చూసింది. ఆఖరున అరోహా టిపా వైపు తిరిగింది. ఆ అమ్మాయి ఈ బడిలో చదవలేదు.

"నువ్వూ చూశావా అమ్మా?"

"చూశానండీ," అంది అరోహా. "నేను ప్రభుత్వోద్యోగిని."

ఎఫీ ముక్కు చీదుకుంది. "మీ అందరి మోచేతులూ బాగుపడ్డాయి," అంది. ఆమె నోటి నుంచి ఎవరూ అంతకంటే పెద్ద మెప్పు వినలేదు. తర్వాత పాస్టర్‌తో, గాలం ఇవ్వడంలేదనీ, కావాలంటే రెండు పాత కుండలున్నాయనీ చెప్పింది.

వాటీ భార్య చీజ్ రోల్స్ రెండు పళ్ళాల నిండా కాల్చి పంపింది. బురద ఆరేదాకా అందరూ ఒడ్డునే కూర్చుని తిన్నారు. చేప ఎలా ఎగిరిందో తలా ఒక రకంగా చెప్పారు. ఎఫీ మధ్యమధ్య సరిదిద్దింది.

అరోహా టిపా మర్నాడు కౌన్సిల్‌కు నివేదిక పంపింది. ఆవు దిగబడిన రేవుకూ మడుగుకూ మధ్య దూరం ఎనిమిది వందల మీటర్లనీ, మధ్యలో నది మలుపు తిరుగుతుందనీ, ఆ మలుపు పొడుగునా దట్టంగా విల్లో చెట్లున్నాయనీ అందులో రాసింది. రేవు నుంచి మడుగు కనబడదని మాత్రం రాయలేదు.