ముప్పై ఆరు నిమిషాల బోరుబావి

1997 వేసవిలో ఇస్నాపూర్ దగ్గరి ఒక పైపుల ఫ్యాక్టరీ తన ఆరువందల మంది కార్మికుల భోజన విరామాన్ని సంగీతానికి అప్పగించింది. కళాపోషణ కోసం కాదు, సైరన్ మోటారు కాలిపోయింది. కొత్తది కొనడానికి మూడు కొటేషన్లు కావాలి, రెండే వచ్చాయి. మూడోది వచ్చేలోగా ఎవరూ ఆకలితో మాడకూడదన్న ఉదాత్తాశయంతో పర్సనెల్ మేనేజరుగారు ఒక సర్క్యులర్ జారీ చేశారు: "భోజన విరామము క్యాంటీను లౌడ్‌స్పీకరులో పాటతో మొదలై, పాట పూర్తి కాగానే ముగియును." ఆయన మనసులో ఉన్నది ఐదారు సినిమా పాటల అరగంట క్యాసెట్టు. ఆ సంగతి సర్క్యులర్‌లో రాయడం మరిచిపోయారు.

మూడో రోజున టేప్‌రికార్డరు ఆ క్యాసెట్టును నమిలేసింది. క్యాంటీను నడిపే వెంకటరమణమ్మగారు చేతికందిన మరో క్యాసెట్టు పెట్టారు. అది ప్యాకింగ్ సెక్షన్‌లో ఆరేళ్లుగా కాంట్రాక్టు కూలీగా ఉన్న చిట్కుల్ చిన్నరాములు, "జెర విని చెప్పమ్మా" అని ఆమెకిచ్చినది.

చిన్నరాములు పాట రాసి పాడతాడు. సర్కారు కార్ఖానా క్వార్టర్సులో ఉండే నరసరాజు గిటారు వాయిస్తాడు. మరో ఇద్దరిని కలుపుకుని 'మూడో షిఫ్టు' అనే బ్యాండు పెట్టారు. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్. అంటే పాట ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. మధ్యలో తాళం నాలుగుసార్లు మారుతుంది. క్యాసెట్ల కంపెనీవాళ్లు దాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఒక ముక్కలో హీరోయిన్‌ను పెట్టమన్నారు. బ్యాండు ఒప్పుకోలేదు. కిటికీలకు పరుపులు కట్టి తామే రికార్డు చేసుకుని, పెళ్లిపత్రికల ప్రెస్సులో అట్ట వేయించి, తామే విడుదల చేసుకున్నారు. 'ఎ' వైపు మొత్తం ఒకటే పాట, 'బోరుబావి', నలభై రెండు నిమిషాలు. 'బి' వైపు ఏముందో నేటికీ ఎవరూ వినలేదు.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన పొలమంతా తిరిగి చోటు చూపించడంతో పాట మొదలవుతుంది. తర్వాత బోరు వేసే లారీ వస్తుంది. వంద అడుగులకు దుమ్ము, రెండు వందలకు బండ, అదంతా గిటారు. రాడ్డు మార్చినప్పుడల్లా పాట పూర్తిగా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. నాలుగు వందల అడుగుల దగ్గర, చిట్టచివరి ఆరు నిమిషాల్లో, నీళ్లు పడతాయి.

అరగంట కాగానే సూపర్‌వైజరు విజిలేశాడు. యూనియన్ కార్యదర్శి పోచయ్య తాపీగా వేళ్లు నాక్కుంటూ సర్క్యులర్ తీశాడు.

"పాట పూర్తి కాగానే అని రాసుంది సార్. ఇంక నీళ్లే పడలే. ఏడికి పోవాలె?"

ఆనాటి నుంచి ఆ ఫ్యాక్టరీలో సంగీతాభిరుచి వెల్లివిరిసింది. ఎన్నడూ ఒక చరణం పూర్తిగా వినని మనుషులు ఈ పాటలో గిటారు ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పగలిగారు. దుమ్ము లేచేసరికి అన్నం, బండ తగిలేసరికి మజ్జిగ, ఆ తర్వాతి రాడ్డుకు ఒక కునుకు. రాడ్డు మార్చే నిశ్శబ్దంలో సూపర్‌వైజర్లు ఆశగా లేచి నిలబడేవాళ్లు. గిటారు మళ్లీ అందుకోగానే చతికిలబడేవాళ్లు. చివరికి నీళ్లు పడిన చప్పుడు వినబడితే మాత్రం ఆరువందల మంది ముఖాలు మాడిపోయేవి. నీటి ఎద్దడికి పేరుపడ్డ ఆ ప్రాంతంలో నీళ్లు పడ్డాయని జనం తిట్టుకుంటూ లేవడం, ఆ ఆరువందల్లో ఒకడిగా, అక్కడే చూశాను.

మేనేజ్‌మెంటు సర్క్యులర్ రద్దు చేయబోయింది. ఒకసారి అనుభవంలోకి వచ్చిన సౌకర్యాన్ని నోటీసు లేకుండా తీసేయరాదని పోచయ్య చట్టం చూపించాడు. విషయం కార్మిక శాఖ అధికారి ముందుకు వెళ్లింది. ఆయన పాటను అధికారికంగా, స్టాప్‌వాచీ పట్టుకుని విన్నారు. మేనేజ్‌మెంటు ముప్పై నిమిషాలంది, యూనియన్ నలభై రెండంది. తర్వాతి ఆల్బమ్‌లో పాట గంటకు తగ్గరాదని కూడా డిమాండ్ల పత్రంలో చేర్చింది. అధికారిగారు ఇరుపక్షాలనూ సముదాయించి ముప్పై ఆరు దగ్గర నిలిపారు. ఏ ఆరు నిమిషాలు తీసేయాలన్న దానిపై క్షణం కూడా చర్చ జరగలేదు. నీళ్లు పడే భాగమంటే కార్మికులకు గిట్టదు, మేనేజ్‌మెంటుకు అవసరం లేదు. పారిశ్రామిక సామరస్యానికి ఇంతకన్నా మంచి తార్కాణం దొరకదు.

పాట కట్టినవాడి సంతకం మాత్రం కావాలన్నారు. మేనేజరుగారు చిన్నరాములును కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరేళ్లలో అతనికి కుర్చీ వేయడం అదే మొదలు.

"కళాకారుడు సమాజం కోసం త్యాగం చెయ్యాలి. ఇదిగో నీ పర్మనెంట్ ఆర్డరు, ఇది పాట కోతకు ఒప్పుకోలు. రెండు కాగితాల మీదా సంతకం పెట్టు."

"మా నాయిన మూడు బోర్లేయించిండు సార్, మూడూ ఎండినయ్. పాటలనన్న నీళ్లు పడనియ్యుండ్రి," అన్నాడు చిన్నరాములు.

"అరే, పర్మనెంటైతున్నవ్, ఇంక నీళ్లేందిరా!" అన్నాడు పక్కనే ఉన్న పోచయ్య, ప్రేమగానే.

ఇంట్లో ఇద్దరు పిల్లలు, కిరాయి గది. చిన్నరాములు సంతకం పెట్టాడు. బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నాకు నవ్వు రాని చోటు ఈ కథలో అదొక్కటే.

సోమవారం నుంచి కొత్త క్యాసెట్టు అమల్లోకి వచ్చింది. సరిగ్గా ముప్పై ఆరో నిమిషాన, బండలో రాడ్డు తిరుగుతుండగానే, పాట తెగిపోయింది. అందరూ ఒప్పందం ప్రకారం లేచారు. వంటింట్లోంచి వెంకటరమణమ్మగారు గరిటెతో సహా బయటికొచ్చారు.

"అదేంటి పోచయ్యగారూ, నీళ్లు పడకుండానే ఆపేశారు? రోజూ దానికోసమేనండీ నేను వినేది. అవి పడ్డాకే నేను కంచం ముందు కూచునేది."

"నీళ్లతోటి మనకేం పని అమ్మా? కంపెనీ ట్యాంకర్ పెట్టింది గద!" అన్నాడు పోచయ్య. హాలంతా చప్పట్లు కొట్టింది.

చిన్నరాములు కదల్లేదు. మిషన్లు మొదలయ్యాయి. అతను వంటింటి గడపలో కూర్చుని, గిటారు లేదు కాబట్టి స్టీలు కంచం మీద వేళ్లతో తాళం వేస్తూ, మిగిలిన ఆరు నిమిషాలూ పాడాడు. మూడు వందల తొంభై అడుగులు, నాలుగు వందలు, చెమ్మ, బురద, ఆ తర్వాత నీళ్లు. వెంకటరమణమ్మగారు కొంగుతో కళ్లొత్తుకుని, ఇద్దరికీ అన్నం వడ్డించారు.

ఆ సాయంత్రమే పర్మనెంటు ఉద్యోగిగా చిన్నరాములు మొదటి మెమో అందుకున్నాడు. నేరం: పాట ముగిసిన తరువాత పాట పాడుట. సంయుక్త ఒప్పందానికి భంగం కాబట్టి దాని కింద మేనేజరుగారు, పోచయ్య ఇద్దరూ సంతకాలు చేశారు. ఆరువందల మందిలో ఒక్కరూ తప్పనలేదు. మీరైతే అనేవారేమో, మీ భోజన విరామం ఎన్ని నిమిషాలో నాకు తెలియదు.