క్యాను మార్చిన మెయిల్

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో పాల వ్యాపారం చేసే రామ్‌చందర్‌కు ఆరు బర్రెలు, ఒక భార్య, ఒక కోరిక ఉన్నాయి. బర్రెలు ఆయన మాట వింటాయి.

కోరిక ఏమిటంటే, ఈసారి దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగకు హర్యానా దున్నపోతును పూలదండలు వేసి బజారులో నడిపించాలి.

“దున్న పాలియ్యదు, పేడ మాత్రం వేస్తది. ఎవలెత్తాలె?” అని భార్య నాగమణమ్మ నిరుడే తేల్చేసింది.

అయినా రామ్‌చందర్ చాటుగా హర్యానాలో దున్నలమ్మే ఒక సేఠ్‌తో మాట కలిపాడు. దున్న ఫోటోలు మెయిల్‌లో పంపుతానని సేఠ్ అడ్రసు అడిగితే, తనకు తెలిసిన ఒకే ఒక్క అడ్రసు చెప్పాడు. అది తమ డెయిరీది. ఆ మెయిల్ వచ్చి పడేది నాగమణమ్మ ఫోనులో. చెప్పిన తర్వాత గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

పాలవాడికి పాలవాడి ఉపాయమే తడుతుంది. ఒక క్యానులోంచి ఇంకో క్యానులోకి వంపితే మొదటిది ఖాళీ. అట్లాగే మెయిలంతా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లోకి వంపేస్తే, ఫోను ఖాళీ.

కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాం తెరిచాడు. పేరు అడిగింది, కొట్టాడు. పాస్‌వర్డు అడిగింది. నాగమణమ్మ దాన్ని గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టింది కనుక అదీ కొట్టాడు. ఆపైన, ‘ఫోనుకు ఒక నంబరు పంపాను, చెప్పు’ అంది.

ఫోను వంటింట్లో ఉంది.

“నాగమణీ, నీ ఫోన్ల ఏదో నంబర్ వచ్చిందంట. జర చెప్పు.”

“ఎవలకు గావాలె?”

“కంప్యూటర్‌కు.”

“కంప్యూటర్ నన్నడుగుడేంది?”

“గీ ఇంట్ల అందరు నిన్నే అడుగుతరు గదా.”

మొదటి నంబరు వంటింటి నుంచి గదికి వచ్చేలోగా మరిచిపోయాడు. రెండోదానికి గడువు దాటింది. మూడోసారి నాగమణమ్మే చేయి తుడుచుకుంటూ వచ్చి నంబరు కొట్టింది.

“ఏం పనయ్యా గిది?”

“నీ ఫోన్ బరువు తగ్గిస్తున్న.”

“మస్తు మంచోనివి,” అని ఆమె వెళ్లిపోయింది.

నాలుగు వందల ఉత్తరాలు బిలబిలా వచ్చి పడ్డాయి. సాయంత్రానికి సేఠ్ ఉత్తరమూ వచ్చింది. ఫోటోలో దున్న కొండలా ఉంది. రామ్‌చందర్ దాన్ని తనివితీరా చూసుకుని, ఫికర్ లేకుండా నిద్రపోయాడు.

తెల్లారి పాలు పోసి వచ్చి, దున్నను మరోసారి చూద్దామని కూర్చుంటే, పంపిన ఉత్తరాల్లో తాను రాయని ఉత్తరం ఒకటి కనిపించింది. హిందీలో, కింద తన పేరుతోనే ఉంది.

‘సేఠ్‌జీ, దున్న వద్దు. బదులుగా పాలిచ్చే బర్రెలు రెండు పంపండి. వాటి పేడ నేనే స్వయంగా ఎత్తుతాను.’

దాని కిందే సేఠ్ జవాబు: ‘భేష్. బుధవారం లారీ ఎక్కిస్తాం.’

ఆ రోజు బుధవారం.

క్యాను ఖాళీ కాలేదని, రెండింటిలోనూ అవే పాలున్నాయని రామ్‌చందర్‌కు అప్పుడు అర్థమైంది. వెనక నుంచి నాగమణమ్మ వచ్చి కంప్యూటర్ పక్కన పేడ తట్ట పెట్టింది.

“ఇగో, గిది నంబర్ గిట్ల ఏం అడగదు,” అంది. “ఎత్తుడే.”